దెయ్యాల పద్దు

మార్చి నెలలో మా ఆఫీసులో ఎవరికీ దెయ్యాలు గుర్తుకు రావు. రాత్రి తొమ్మిదింటి దాకా లెడ్జర్లు, చలాన్లు, ఎంత వెతికినా దొరకని నలభై రూపాయల తేడాలు. హనుమకొండలో ఒక ఆడిటరు దగ్గర పదిహేనేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకోవాల్సింది పోయి దెయ్యం కథ ముందు వేసుకుని కూర్చుంటాను. "పగలంతా అంకెలతో చస్తావు, రాత్రంతా చచ్చినవాళ్లతో బతుకుతావు" అంటుంది అమ్మ.

ఈ రెండూ వేర్వేరు పనులనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న మా అక్క కొడుకు ఇంజినీరింగ్ పరీక్షలు అయిపోయి మా ఇంటికి వచ్చి, తన ల్యాప్‌టాప్‌లో భయపెట్టే ఆటలు చూపించాక అనుమానం మొదలైంది. నాకు నచ్చిన దెయ్యం కథ ఏది తీసుకున్నా లోపల ఒక పద్దు నడుస్తోంది. ఎన్ని రోజులు మిగిలాయి, ఎన్ని కోరికలు మిగిలాయి, ఎంత వెలుతురు మిగిలింది. దెయ్యం ముఖం రెండు రోజుల్లో మర్చిపోతాను. ఆ మిగులు మాత్రం తలలో తిరుగుతూనే ఉంటుంది.

మేం పెరిగింది గోదావరిఖనిలో. బాపుది బొగ్గు బాయిలో పని. క్వార్టర్ల దగ్గరి బజారులో ఒక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది, రోజుకు రూపాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నాకు అక్కడే దొరికింది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల అది. నా చేతికి వచ్చేనాటికి అట్ట ఊడిపోయి, సూదీ దారంతో కుట్టిన కట్టగా మిగిలింది. మొదటి పేజీలో ఎవరో నీలం సిరాతో "రాత్రిపూట చదవవద్దు" అని రాశారు. దాని కింద ఇంకొకరు, "చదివాను, ఏమీ కాలేదు." ఆ కింద మూడో చేతిరాత, "నాకు జ్వరం వచ్చింది."

తులసి అనే చిన్న పాప మీద చేతబడి జరుగుతుంది. గడువు దగ్గర పడుతుంటే ఒకవైపు డాక్టర్లు, ఇంకొకవైపు మంత్రగాళ్లు. పత్రికలో చదివినవాళ్లు ప్రతి భాగం తర్వాత ఏడు రోజులు ఆగాల్సి వచ్చేది. నాది ఇంకో రకం గడువు. తెల్లవారితే రెండో రూపాయి కట్టాలి. అందుకని దుప్పటి కప్పుకుని టార్చి లైటుతో ఏకబిగిన చదివాను. తీరా చూస్తే చివరి పదహారు పేజీలు లేవు, ఒక ఫారం మొత్తం ఊడిపోయింది. ఆ పాప బతికిందో లేదో తెలియకుండా నేను రెండేళ్లు బతికాను. ఇప్పటికీ పాత పుస్తకం కొనేటప్పుడు మొదట చివరి పేజీ ఉందో లేదో చూసుకుంటాను.

ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందన్న విమర్శ ఎప్పటి నుంచో ఉంది. చిన్నప్పుడు ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అంత కోపం లేదు. మా వైపు పల్లెల్లో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టారు, పళ్లు ఊడబెరికారు, కాల్చి చంపారు. నవలలో మంత్రగాడికి ఎక్కడో కూర్చుని ప్రాణం తీసే శక్తి ఉంటుంది. ఊళ్లో మంత్రగాడని ముద్ర పడిన ముసలివాడికి పరుగెత్తి తప్పించుకునే శక్తి కూడా ఉండదు. అయినా ఆ పుస్తకం మళ్లీ కొన్నాను, ఈసారి చివరి ఫారంతో సహా. చదివించే గుణం వేరు, నమ్మించే గుణం వేరు అని నాకు నేను చెప్పుకుంటాను. ఆ సర్దుబాటు పూర్తిగా తేలిన లెక్క కాదని నాకూ తెలుసు.

విదేశీ కథల్లో నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1902లో డబ్ల్యూ.డబ్ల్యూ. జేకబ్స్ రాసిన 'ది మంకీస్ పా'. పట్టుమని పది, పన్నెండు పేజీలు. ఒక ముసలి దంపతులకు ఎండిపోయిన కోతి పంజా దొరుకుతుంది. అది మూడు కోరికలు తీరుస్తుంది. ఇంటి అప్పు తీరడానికి రెండు వందల పౌన్లు కావాలని తండ్రి కోరుకుంటాడు. మర్నాడు కొడుకు పనిచేసే కంపెనీ నుంచి ఒక మనిషి వస్తాడు. కొడుకు యంత్రంలో పడి చనిపోయాడు. కంపెనీకి ఏ బాధ్యతా లేదు, అయినా అతని సేవలకు గుర్తుగా కొంత సొమ్ము ఇస్తున్నారు. ఎంత? రెండు వందల పౌన్లు.

కాలేజీ లైబ్రరీలో ఈ అంకె దగ్గర నేను పుస్తకం మూసేశాను. కథలో దెయ్యం ఇంకా రానే లేదు. బాయి మీద బతికే కాలనీలో పెరిగినవాళ్లకు ఇది ఇంగ్లండు కథలా అనిపించదు. తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఇంటి ముందు నిలబడి, లోపలికి రావడానికి జంకుతూ గొంతు సవరించుకుంటున్నాడంటే చాలు, ఆ వీధిలో ఆడవాళ్లందరికీ విషయం తెలిసిపోతుంది.

రెండో కోరిక తల్లిది, కొడుకు తిరిగి రావాలని. రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆమె గొళ్లెం తీయడానికి పరుగెడుతుంది. యంత్రంలో నలిగి, పూడ్చి రోజులు గడిచిన శరీరం ఎలా ఉంటుందో తెలిసిన తండ్రి చీకట్లో నేల మీద పంజా కోసం తడుముకుంటాడు. మూడో కోరిక ఏమిటో రచయిత చెప్పడు. తలుపు తెరిచేసరికి వీధి ఖాళీ.

ఈ కథ ఒకసారి అమ్మకు చెప్పాను. అమ్మ కూర తరగడం ఆపి విన్నది. అంతా అయ్యాక, "ఆయన అడ్డు పడకూడదు. ఎట్లా వస్తే అట్లా, రానివ్వాలి" అన్నది. నాకు వెంటనే ఏమీ తోచలేదు. నేను ఇరవై ఏళ్లుగా తండ్రి వైపు నుంచే ఆ కథ చదువుతున్నాను.

అమ్మకు ఎందుకు అలా అనిపించిందో తర్వాత అర్థమైంది. బాపు సెకండ్ షిఫ్టులో ఉన్నప్పుడు రాత్రి సైరన్ మోగగానే అమ్మ కుక్కర్ పెట్టేది. మూడో విజిల్ వచ్చేలోపు వీధి మలుపులో సైకిల్ బెల్లు వినిపించాలి. ఆమె గడియారం అదే. ఒక రాత్రి మూడో విజిల్ వచ్చింది, నాలుగోదీ ఐదోదీ వచ్చాయి. అమ్మ స్టవ్ కట్టేయలేదు. కట్టేస్తే లెక్క ఆగిపోతుందని కాబోలు, కుక్కర్ వైపే చూస్తూ నిలబడింది. మాడు వాసన ఇల్లంతా నిండాక బాపు వచ్చాడు, సైకిల్ నడిపించుకుంటూ. ట్యూబు పంచరైంది, అంతే. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాడిన అన్నమే పచ్చిపులుసు పోసుకుని తిన్నాడు.

ఇక ఆటలు. పెద్ద కంపెనీలు కాకుండా ఒకరో నలుగురో కలిసి సొంతంగా చేసే వాటిని ఇండీ ఆటలంటారట. మావాడు చూపించిన వాటిలో సగం నాకు ఎక్కలేదు. తలుపు తెరవగానే ఒక ముఖం మీదికి దూకి కెవ్వున అరుస్తుంది. వెనక నుంచి వచ్చి అరిస్తే మా ఆఫీసు అటెండరును చూసి కూడా నేను ఉలిక్కిపడతాను. అందులో పనితనం ఏముంది?

'ఐరన్ లంగ్' అలాంటిది కాదు. 2022లో డేవిడ్ షిమాన్‌స్కీ చేసిన చిన్న ఆట. ఒక ఖైదీని తుప్పు పట్టిన జలాంతర్గామిలో పెట్టి, మూత వెల్డింగ్ చేసి, రక్త సముద్రంలోకి దింపుతారు. ముందున్న కిటికీని ఇనుప రేకుతో మూసేశారు. బయట ఏముందో కనిపించదు. చేతిలో ఒక పటం, ముందు దిక్కూ దూరమూ చూపే అంకెలు. గోడ దగ్గరపడితే ఒక బీప్ శబ్దం, ఇంకా దగ్గరపడితే ఇంకా వేగంగా. ఒక మీట నొక్కితే బయటి దృశ్యం మసకమసకగా ఒక్క ఫోటో వస్తుంది. చూడగలిగేది అంతే. అంకెలు కలుపుకుంటూ చీకట్లో పోవాలి. మావాడు దాన్ని విసుగు ఆట అన్నాడు. నేను మాత్రం కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నాను.

బాపు బాయి గురించి ఎక్కువ చెప్పేవాడు కాదు. చెప్పిన కొంచెంలో ఒకటి, పైకప్పును తట్టి వినడం. పని మొదలుపెట్టే ముందు కర్రతో కప్పు మీద కొట్టి చూస్తారు. గట్టిగా ఖంగుమంటే ఫరవాలేదు. డొల్లగా పలికితే అక్కడి నుంచి తప్పుకోవాలి. ఆసరాకు నిలబెట్టిన కర్ర దుంగలు విరిగే ముందు కిర్రుమంటాయి, అందుకే వాటి దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు. "ఇనుము చెప్పదు, కర్ర చెప్తది" అనేవాడు. ఇంకొకటి ల్యాంపు రూము సంగతి. దిగే ముందు నంబరు ఉన్న తలదీపం తీసుకుంటారు, పైకి వచ్చాక మళ్లీ దాని గడిలో పెడతారు. షిఫ్టు అయిపోయాక ఒక గడి ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా లోపల ఉన్నాడన్నమాట. ఇన్ని కథలు చదివాను, ఖాళీ గడిని మించిన దెయ్యం నాకు ఇంకా తగల్లేదు.

తైవాన్‌కు చెందిన రెడ్ క్యాండిల్ గేమ్స్ 2017లో తెచ్చిన 'డిటెన్షన్' కూడా బాగా నచ్చింది. 1960ల నాటి సైనిక శాసనం, నిషేధించిన పుస్తకాలు చదివారని మనుషులను ఎత్తుకుపోయే కాలం, వానలో చిక్కుకున్న ఒక బడి. ప్రేతం పక్క నుంచి వెళ్తుంటే ఊపిరి బిగబట్టాలి, ఆ బిగింపు ఎంతసేపు నిలుస్తుందన్నదే లెక్క. కొన్ని చోట్ల ఆత్మ ముందు అన్నం గిన్నె పెట్టి పక్క నుంచి జారుకోవచ్చు. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఎవరూ చెప్పకుండానే ఆ గిన్నె ఎందుకో తెలిసిపోయింది.

మావాడికి అన్నిటికంటే ఇష్టమైనది 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్'. 2014 నాటిది. స్కాట్ కాథన్ అంతకుముందు పిల్లల కోసం చేసిన ఒక ఆటలో బొమ్మలు మరమనుషుల్లా భయంగా ఉన్నాయని జనం తిట్టారట. ఆ తిట్టునే పెట్టుబడిగా పెట్టి దీన్ని చేశాడు. పిజ్జా హోటల్లో అయిదు రాత్రుల కాపలా ఉద్యోగం. ఎలుగుబంటి, కుందేలు, కోడిపిల్ల, నక్క బొమ్మలు రాత్రి నడుస్తాయి. కదలకుండా గదిలో కూర్చుని కెమెరాలు చూడాలి, లైటు వేయాలి, అవి దగ్గరికి వస్తే తలుపు మూయాలి. ప్రతి పనికీ కరెంటు ఖర్చవుతుంది. మూలన శాతం తగ్గుతూ ఉంటుంది. పన్నెండు నుంచి ఆరు దాకా ఆ కరెంటుతోనే నెట్టుకురావాలి. మన గడియారంలో అది తొమ్మిది నిమిషాలకు మించదు.

ఆ రాత్రి అమ్మ నిద్ర పట్టక వచ్చి మా వెనక మంచం మీద కూర్చుంది. బాపు పోయి ఆరేళ్లు, అప్పటి నుంచి ఆమె నా దగ్గరే ఉంటోంది. ఇది ఏ ఆట, ఎవరు ఎవరిని చంపుతారు అని అడగలేదు. కాసేపు చూసి, "ఆ లైటు ఆపు, ఊరికే కాలుతోంది" అన్నది. తర్వాత, "ఎడమ తలుపు ఎందుకు మూశావు? అక్కడెవరూ లేరు కదా, తియ్యి." తర్వాత, "అన్నిసార్లు కెమెరా చూడకు. చూస్తే తొందరగా రారు." మావాడు నవ్వుతూనే ఆమె చెప్పినట్టు చేశాడు. అంతవరకు వాడు ఎప్పుడూ దాటని నాలుగో రాత్రిలో, ఆటలోని తెల్లవారుజాము అయిదింటి దాకా వచ్చాడు.

అక్కడ కరెంటు సున్నా అయింది. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. తెర అంతా నలుపు. ఎడమ గుమ్మం చీకట్లో ఎలుగుబంటి ముఖం మినుకుమినుకుమంటూ, పిల్లల బొమ్మపెట్టె పాట ఒకటి మొదలైంది.

"ఇప్పుడు ఏం చేయాలిరా?" అన్నది అమ్మ.

"ఏమీ లేదు అమ్మమ్మా. పాట అయిపోయేలోపు ఆరు కొడితే బతుకుతాం. మన చేతిలో ఏమీ ఉండదు, ఉట్టిగా కూర్చోవడమే" అని వాడు ల్యాప్‌టాప్ మూయబోయాడు.

అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "ఉండు, మూయకు. కూర్చుందాం."