నలిపితేనే నిమ్మగడ్డి: అనంతపురంలో మిద్దె మీద దోమల మొక్కలు

జూన్

అనంతపురంలో వాన తక్కువ. దోమలు మాత్రం తక్కువేం కాదు. కుళాయి నీళ్లు రోజూ రావు కాబట్టి ఇంటింటా డ్రమ్ములు, తొట్లు, సంపులు ఉంటాయి. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది ఇలా పట్టి పెట్టుకున్న మంచినీళ్లలోనే. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, రాత్రంతా కాయిల్ పొగలో పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు. దోమల్ని తరుముతాయని అందరూ చెప్పే మొక్కల్లో ఏది నిజంగా పనికొస్తుందో మిద్దె మీద పెంచి చూడాలని మొదలుపెట్టాను.

పెట్టినవి: నిమ్మగడ్డి, సిట్రోనెల్లా, రుద్రజడ, బంతి, వావిలి. మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన మేకల ఎరువు, ఒక పాలు ఇసుక, కుండీకి గుప్పెడు వేపపిండి. పైన వేరుశనగ పొట్టు మందంగా పరిచాను. మన జిల్లాలో దానికేం కరువు లేదు, మిద్దె ఎండకు తడి ఆరిపోకుండా బాగా కాపాడుతుంది.

నిమ్మగడ్డి పిలకల్ని విడదీసి, ఆకును జానెడు ఉంచి పైభాగం కత్తిరించి, 12 అంగుళాల కుండీకి రెండేసి నాటాను. వేరు పట్టేదాకా మధ్యాహ్నపు ఎండ తగలనివ్వకూడదు. సిట్రోనెల్లా చూడ్డానికి అచ్చం నిమ్మగడ్డే, కానీ దాని కాడ మొదలు దగ్గర ఎరుపు కలిసిన ఊదారంగులో ఉంటుంది. టీలో వేసుకునేది ఇది కాదు. నర్సరీలో కొనేటప్పుడు కాడ చూసి, ఆకు నలిపి వాసన చూసి తీసుకోండి.

వావిలికి డబ్బు ఖర్చు లేదు. వంక గట్టున దొరుకుతుంది. వేలు లావు కొమ్మను నాలుగు కణుపులతో కోసి గుచ్చాను, చిగురు వేసింది.

ఆగస్టు

నిమ్మగడ్డి కుండీ నిండా గుబురుగా వచ్చింది. కోసేటప్పుడు ఆకు అంచు వేలిని బ్లేడులా కోస్తుంది, జాగ్రత్త.

ఇక అసలు సంగతి. సాయంత్రం కుండీల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నా. కాళ్ల మీద తెల్లచారలున్న దోమ నిమ్మగడ్డి ఆకు మీద వాలి, అక్కడి నుంచి నేరుగా నా పాదం మీదికి వచ్చింది. మొక్క ఊరికే నిలబడి ఉంటే దానికి లెక్కే లేదు. అదే రెండు ఆకులు చేతిలో నలిపి మోచేతులకు, పాదాలకు రుద్దుకుంటే కాసేపు దగ్గరకు వచ్చి, వాలకుండానే పోతున్నాయి. కారణం తెలిసిందే. ఆకులోని నూనె ఆకు నలిగితేనే బయటికి వస్తుంది. మన ఊపిరిని, ఒంటి వాసనను పట్టుకుని వచ్చే దోమకు ఆ ఘాటు అడ్డం పడుతుంది. అయితే ఆ నూనె గాలికి త్వరగా ఎగిరిపోతుంది. వాసన తగ్గగానే మళ్లీ కుట్టడం మొదలు. సిట్రోనెల్లా ఘాటు ఎక్కువ, అది కూడా ఎక్కువసేపు నిలవదు. రుద్రజడ ఆ రెండింటికన్నా తక్కువే. బంతి పూలకు బాగుంది, దోమల విషయంలో నాకైతే తేడా కనిపించలేదు.

సెప్టెంబర్

వానలు పడ్డాయి, కుండీల కింది పళ్లేల్లో నీళ్లు నిలిచాయి. వంగి చూస్తే లార్వాలు. తోక నీటి పైకి ఆనించి, తల కిందికి వేలాడేసుకుని ఉన్నాయి. నా నీడ పడగానే మెలికలు తిరుగుతూ అన్నీ అడుక్కి దిగిపోయాయి. దోమల మొక్కలు పెంచేవాళ్లు అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఈ పళ్లేల్నే. వాటిలో ఇసుక నింపేశాను. నీరు ఇంకుతుంది, పైన నిలవదు.

డ్రమ్ములకు పాత నూలు చీర రెండు మడతలు వేసి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాను. ప్రతి శుక్రవారం ఖాళీ చేసి లోపలి గోడల్ని కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దుతున్నాం. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. గుడ్డు దోమ కావడానికి మన ఎండల్లో వారం, పది రోజులు చాలు, అందుకే వారానికోసారి తప్పనిసరి. ఎండాకాలం వాడి మూల పెట్టేసిన కూలర్లను కూడా మర్చిపోవద్దు.

అక్టోబర్

పక్కింటి అవ్వ వావిలి చూసి, "బాలింతల స్నానానికి కాచేది ఇదే కదమ్మా, ఎండబెట్టి పొగెయ్, దోమ నిలవదు" అంది. నీడన ఎండిన వావిలాకు, వేపాకు కలిపి మట్టి మూకుడులో నిప్పుల మీద వేసి, పొద్దుగూకే ముందు తలుపులు మూసి గదిలో పెడుతున్నా. పొగ పోయేదాకా ఎవరినీ లోపలికి పోనివ్వను, ఆకు పొగైనా పొగే, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. తర్వాత తలుపులు తీసి, కిటికీలకు మెష్ బిగించి ఉంచుతాం. ఇప్పటిదాకా చూసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

పెద్దవాళ్లం 100 మి.లీ. కొబ్బరినూనెలో 2 మి.లీ. వేపనూనె కలిపి కాళ్లకు రాసుకుంటున్నాం. వాసన ఘాటుగానే ఉంటుంది. ముందు ముంజేతి మీద కొంచెం రాసి, దద్దురు రాకపోతేనే వాడండి. చిన్నపిల్లలకు మాత్రం వద్దు, వాళ్లకు దోమతెరే. వీధిలో డెంగ్యూ జ్వరాలు ఉన్నాయంటే నేను ఏ ఆకునూ నమ్ముకోను. అప్పుడు పిల్లలకు పగలు కూడా నిండు చేతుల చొక్కాలు, పగటి నిద్రకు సైతం దోమతెర. ఆ దోమ కుట్టేది ఎక్కువగా పగలే కదా.

వచ్చే నెల బంతి కుండీలు ఖాళీ చేసి వాటిలోనూ సిట్రోనెల్లా పిలకలు పెడతాను. వావిలి కుండీలో ఇరుకైపోతోంది, దాన్ని ఇంటి వెనక నేలలోకి మార్చాలి.