విజిల్ ఊదాక చెయ్యి ఎక్కడుండాలి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు కొత్తగా బాస్కెట్‌బాల్ రెఫరీలుగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకప్పుడు ఆడినవాళ్లో, బడుల్లో పీఈటీలుగా పనిచేస్తున్నవాళ్లో అయివుంటారు. కాబట్టి నియమాలు వాళ్లకు చాలావరకు తెలిసే ఉంటాయి. ట్రావెలింగ్ (బంతిని నేలకు కొట్టకుండా ఎక్కువ అడుగులు వేయడం) అంటే ఏమిటో, ఐదో ఫౌల్ పడిన ఆటగాడు ఎందుకు బయటికి వెళ్లాలో వేరే చెప్పనక్కర్లేదు. తెలియనిది, తెలిసినా పట్టించుకోనిది మెకానిక్స్. కోర్టులో రెఫరీ ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఎటు కదలాలి, ఎవరిని చూడాలి, విజిల్ ఊదాక చేతులు ఏ వరుసలో ఏం చూపాలి అనే పద్ధతికి ఆ పేరు. నేనూ ఈ పనికి కొత్తే. అయినా ఒక అభిప్రాయం మాత్రం గట్టిగానే ఏర్పడింది. ‘జిల్లా పోటీలకు ఇవన్నీ ఎందుకు, ఇక్కడెవరు చూస్తరు’ అని పెద్దవాళ్లు కొందరు అంటుంటారు గాని, రీప్లే తెర గాని, మైకులో వివరించే మనిషి గాని లేని మన సిమెంటు కోర్టుల్లోనే వీటి అవసరం ఎక్కువ.

ఫౌల్ ప్రకటించే వరుసనే తీసుకుందాం. విజిల్ ఒక్కసారి, గట్టిగా ఊదాలి. అదే క్షణంలో పిడికిలి బిగించిన చెయ్యి నిటారుగా పైకి లేవాలి. జరిగింది ఫౌల్ కాక ట్రావెలింగో, బంతి గీత దాటడమో అయితే పిడికిలికి బదులు వేళ్లు కలిపిన అరచెయ్యి లేస్తుంది. గడియారం రెండింటికీ ఆగుతుంది. స్కోరర్ కలం ఎత్తాల్సింది మాత్రం పిడికిలికే. ఆ తర్వాత రెఫరీ స్కోరర్ బల్లకు అడ్డం లేకుండా కనిపించే చోటికి వచ్చి, ఆగి, మొదట ఆటగాడి నంబరు, తర్వాత ఫౌల్ రకం, చివరగా ఎన్ని ఫ్రీ త్రోలో (ఎవరూ అడ్డుపడకుండా వేసే షాట్లు) లేదా బంతి ఏ దిక్కుకో చూపాలి. ఈ వరుసను ఎవరి ఇష్టం వచ్చినట్లు వాళ్లు మార్చుకోవడానికి లేదు, ఎందుకంటే అవతల స్కోరర్ రాసేది కూడా అదే వరుసలో: ముందు నంబరు వెతుక్కుంటాడు, దాని ఎదురుగా ‘పి’ (పర్సనల్ ఫౌల్) అని వేస్తాడు, ఫ్రీ త్రోలుంటే ఆ అంకె పక్కన చేరుస్తాడు. మన దగ్గర ఆ స్కోరర్ చాలాసార్లు నిన్న మొన్న షీటు నింపడం నేర్చుకున్న డిగ్రీ పిల్లవాడు, బల్లేమో తరగతి గదిలోంచి మోసుకొచ్చిన బెంచీ. నడుస్తూ, చెమట తుడుచుకుంటూ, సగం వేళ్లు చూపితే ఆ పిల్లవాడు పక్కవాణ్ని అడిగి రాస్తాడు. అట్లా రాసిన ఫౌల్ ఎవరి ఖాతాలో పడిందో ఆట చివర్లో ఒకరికి ఐదోది నిండినప్పుడు గాని బయటపడదు.

నంబర్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒకప్పుడు ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం జట్టు నంబర్లు 4 నుంచి 15 వరకే ఉండేవి. ఇప్పుడు 0, 00తో పాటు 1 నుంచి 99 దాకా దేన్నయినా వేసుకోవచ్చు. 11 నుంచి 15 వరకు కుడి పిడికిలి పదికి గుర్తు, ఎడమ చేతి వేళ్లు మిగిలిన అంకెకు. 16 నుంచి పద్ధతి మారుతుంది: ముందు చేతి వెనక భాగం కనిపించేట్టు తిప్పి పదుల అంకె, ఆ తర్వాత అరచెయ్యి కనిపించేట్టు ఒకట్ల అంకె చూపాలి. వేరే ఆటకు కొన్న బనియన్లనే బాస్కెట్‌బాల్‌కూ తొడిగే బడులు ఉన్నంతకాలం మనకు 23లూ 77లూ తప్పవు గనుక, ఇది అద్దం ముందు నిలబడి చేతులకు అలవాటు చేయాల్సిన విషయం. నంబరును నోటితో కూడా పలకడం మంచిదే గాని, పక్కన బస్సు హారను మోగుతుండగా నోటిని నమ్ముకోలేం.

ఇక అసలు కష్టం చూపులో ఉంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లోనే ఇద్దరు అధికారులకు పని పంచారు: అంపైర్ మనుషులను కనిపెట్టి ఫౌళ్లు లెక్కించాలి, రెఫరీ బంతి ఎవరిదో తేల్చాలి. ఇవాళ ఇద్దరూ రెండూ చూస్తారు, అయితే చోటును బట్టి పంచుకుంటారు. దాడి చేసే జట్టు వెనకాల, బంతికి కొంచెం ఎడమగా ఉండేవాడు ట్రెయిల్. ముందే పరుగెత్తి బేస్‌లైన్ (రింగు వెనకాల గీత) బయట నిలబడేవాడు లీడ్. పది మంది ఆటగాళ్లూ ఈ ఇద్దరి మధ్యే ఉండాలన్నది మూలసూత్రం. బంతి గీత దాటినప్పుడు కూడా ఎవరికి వారు తమ ఎడమ వైపు సైడ్‌లైన్‌ను చూసుకుంటారు. దానికి తోడు లీడ్‌కు బేస్‌లైన్, ట్రెయిల్‌కు మధ్య గీత. బంతి నా భాగస్వామి పరిధిలో ఉన్నంతసేపు నేను బంతిని వదిలేసి, మిగతా ఆటగాళ్లు ఒకరినొకరు మోచేతులతో నెట్టుకుంటున్నారా, రింగు కింద రీబౌండ్ (పడక తిరిగొచ్చే బంతి) కోసం వెనక నుంచి ఎక్కుతున్నారా అని చూడాలి. ఇన్నేళ్లూ ఆటగాడిగా, ప్రేక్షకుడిగా బంతి వెంటే తిరిగిన కళ్లు దీనికి అంత సులువుగా లొంగవు. పొలానికి నీళ్లు పెట్టే రైతు పారే నీళ్లను చూస్తూ కూర్చోడు, తెగేట్టున్న గట్టును చూస్తాడు. రెఫరీ చూపు కూడా అట్లాంటిదే.

బంతి మన పరిధిలోనే ఉన్నా ముందు చూడాల్సింది డిఫెండర్‌ను, అంటే బంతి ఉన్నవాణ్ని అడ్డుకునే ఆటగాణ్ని. ఢీకొన్న తర్వాత చూస్తే ఎవరు ఎవరి మీద పడ్డారో మాత్రమే తెలుస్తుంది. డిఫెండర్ ముందుగా ఎదురు తిరిగి రెండు కాళ్లూ నేల మీద ఆనించాడా లేదా అన్నది అంతకు ముందే గమనించి ఉండాలి. కదలకుండా రాయిలా నిలబడితేనే డిఫెండర్‌ది న్యాయమని మన గ్రౌండ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. అది సరికాదు. ఒకసారి సరైన స్థానం సంపాదించిన డిఫెండర్ పక్కకో వెనక్కో కదులుతూ దాన్ని నిలబెట్టుకోవచ్చు. ఇదంతా కనిపించాలంటే ఇద్దరి మధ్య ఖాళీ తెలిసే కోణంలో రెఫరీ ఉండాలి, నిర్ణయించే క్షణంలో వీలైనంత వరకు ఆగి ఉండాలి. ఒకరి వెనక ఒకరు వరుసగా కనిపించే చోటు నుంచి ఊదిన విజిల్ ఎంత గట్టిదైనా ఊహే.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఆడే జట్లలో ఒకదాని కోచ్ మనకు చదువు చెప్పిన సారే కావచ్చు. డిఫెండర్ తప్పుగా అడ్డుపడ్డాడని బ్లాకింగ్ ఫౌల్ ఊదితే ఆయన అడుగుతాడు:

‘‘ఏం తమ్మీ, గదెట్ల బ్లాకింగైతది? మావోడు నిలవడ్డడు గదా!’’

‘‘ఛాతికి తగల్లే సార్, పక్కకెళ్లి తుంటి అడ్డం పెట్టిండు.’’

అంతకు మించి మాట పెంచనక్కర్లేదు. రెండు చేతులు నడుము మీద పెట్టి బ్లాకింగ్ అని చూపిన తర్వాత, ఏ కారణంతో ఊదామో చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోయింది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వాళ్ల ఇష్టం. సంజ్ఞ లేకుండా విజిల్ మాత్రమే ఊది బంతి అవతలి జట్టుకిస్తే, ఆ కారణాన్ని జనం తమకు తోచినట్లు పూరించుకుంటారు, అందులో మన ఇంటిపేరు, మన చుట్టరికం కూడా వచ్చి చేరతాయి.

మన కోర్టులు పుస్తకంలో ఉన్నట్టు ఉండవన్నది నిజమే. గీతల చుట్టూ 2 మీటర్ల వరకు ఏ అడ్డూ ఉండకూడదని నియమం. మన దగ్గర బేస్‌లైన్ వెనకే ప్రహరీ గోడ, సైడ్‌లైన్ మీదికి కుర్చీలు, చెప్పులు, నీళ్ల క్యాన్లు. లీడ్‌కు వెనక్కి జరిగే చోటే లేనప్పుడు పుస్తకంలోని స్థానం కుదరదు. అందుకే ఆట మొదలవడానికి 20 నిమిషాల ముందే రెఫరీల అధికారం మొదలవుతుందన్న నియమాన్ని వాడుకోవాలి. ఆ సమయంలో కుర్చీలు జరిపించడం, గోడ వైపు లీడ్ ఎక్కడిదాకా వెళ్లగలడో భాగస్వామితో మాట్లాడుకోవడం, ఇద్దరం ఒకేసారి ఊదితే ఎవరు ముందు చెప్పాలో తేల్చుకోవడం చేస్తే సగం గందరగోళం అక్కడే పోతుంది. ఎండ పొద్దున తొమ్మిదింటికే మాడ్చేస్తుంటే ఈ మాటలకు ఓపిక ఉండదు గాని, నీడలో నిలబడి అయినా మాట్లాడుకోవాలి.

ముగ్గురు రెఫరీల పద్ధతి గురించి కొత్తవాళ్లు నన్నూ అడుగుతుంటారు. సెంటర్ అని మూడో మనిషి వస్తే బంతి లేని వైపు కూడా ఒకరి కన్ను ఉంటుంది, నిజమే. కాని ఇద్దరున్నప్పుడే ఇద్దరం బంతిని చూసే అలవాటు పోనంతవరకు ముగ్గురైతే ముగ్గురమూ బంతినే చూస్తాం. కాబట్టి ప్రస్తుతానికి నేను లీడ్, ట్రెయిల్ పనులకే పరిమితమై, బడి జట్ల ప్రాక్టీసు ఆటల్లో విజిల్ ఊదుతున్నాను, పోటీల తేదీలు వచ్చేదాకా.