లునెటా షికారుకి క్యారియర్ ముందురోజే మొదలవుతుంది

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ఆదివారం పొద్దున్నే పిల్లల్ని వెంటబెట్టుకుని లునెటా పార్కుకి బయల్దేరే కుటుంబాల చేతుల్లో ఏముంటాయో చూడండి. లోలా, అంటే అమ్మమ్మ, చంకలో చుట్టిన చాప, లోలో, అంటే తాత, చేతిలో గొడుగు, తల్లి భుజాన రెండు సంచులు. వాటిలో బరువైనది అన్నం డబ్బాల సంచి. ఇంటినుంచి కట్టుకెళ్లే తిండిని అక్కడ బావొన్ అంటారు. బడికైనా ఆఫీసుకైనా షికారుకైనా అదే మాట. ఎండలో తిరిగిన పిల్లకి పదకొండింటికల్లా ఆకలేస్తుంది. అప్పుడు క్యూలో నిలబడి కొనుక్కోవడం మొదలుపెడితే జేబూ పోతుంది, ఓపికా పోతుంది. దవావ్‌లోనో మనీలాలోనో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూడ్డానికి వెళ్లే మనవాళ్లకి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది.

బావొన్‌కి అడోబోని, అంటే వెనిగర్, సోయా సాస్‌లలో ఉడికించే మాంసం కూరని, మించింది లేదు. మనం ప్రయాణానికి పులిహోర ఎందుకు కడతామో వాళ్లు అడోబో అందుకే కడతారు. వెనిగర్, ఉప్పు, బాగా ఇగిరిన రసం, పైన తేలిన నూనె, ఇవన్నీ కలిసి దాన్ని తొందరగా పాడవనివ్వవు. పైగా వండిన రోజుకన్నా మర్నాడే రుచిగా ఉంటుంది. అందుకే శనివారం సాయంత్రమే వండేసి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతారు.

కిలో చికెన్ తీసుకోండి. ఎముకతో ఉన్న తొడ, కాలు ముక్కలే కావాలి. రొమ్ము మాంసం ఇంతసేపు ఉడికితే పీచు పీచుగా ఎండిపోతుంది. అరకప్పు వెనిగర్, కప్పులో మూడోవంతు సోయా సాస్, అరకప్పు నీళ్లు, ఒక పెద్ద వెల్లుల్లి గడ్డ మొత్తం రెబ్బలు చితక్కొట్టి, ఒక చిన్న చెంచా మిరియాలు, మూడు లారెల్ ఆకులు. మన బిర్యానీ ఆకు వేస్తే దాల్చినచెక్క వాసన ఎక్కువొస్తుంది కాబట్టి ఒకటి చాలు. ఉప్పు వెయ్యొద్దు. రసం ఇగిరేకొద్దీ సోయాలోని ఉప్పే చిక్కబడుతుంది. మొదట్లో చప్పగా ఉందని ఉప్పు వేసినవాళ్లు చివర్లో ఏమీ చెయ్యలేరు.

గిన్నె స్టీలుదో మట్టిదో ఎనామిల్‌దో అయ్యుండాలి. వెనిగర్‌ని అల్యూమినియం గిన్నెలో కాగబెడితే కూరకి లోహపు రుచి పట్టేస్తుంది. ఇనప మూకుడూ వద్దు. ఫిలిప్పీన్స్‌లో ఎక్కువగా వాడేది చెరకు వెనిగర్, కొన్నిచోట్ల కొబ్బరి వెనిగర్. మన కిరాణా కొట్లలో దొరికే సింథటిక్ వెనిగర్ ముక్కుకి ఘాటుగా కొడుతుంది. అదే వాడాల్సివస్తే మూడోవంతు కప్పుకి తగ్గించి, ఆ మేరకు నీళ్లు పెంచండి. నూడుల్స్‌లో వేసే చిక్కటి డార్క్ సోయా కూడా వద్దు, కూర నల్లగా మారి చేదెక్కుతుంది.

చికెన్‌ని సోయా, వెల్లుల్లిలో అరగంట నానబెట్టండి. రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే మెత్తబడుతుందని కొందరు చెబుతారు గాని, పుల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఉన్న చికెన్ పైపొర పిండిలా అయిపోతుంది. ముక్కల్ని రసంలోంచి తీసి, చెంచాడు నూనెలో చర్మం రంగు మారేదాకా వేయించి, మిగిలిన రసం, నీళ్లు, మిరియాలు, ఆకు వేసి చివర్లో వెనిగర్ పొయ్యండి. ఇక్కడినుంచి గరిటె పెట్టకూడదు, మూత పెట్టకూడదు. ఫిలిప్పీన్స్‌లో ఏ అమ్మమ్మని అడిగినా చెప్పే నియమం ఇదే. ఇందులో మూత సంగతికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. వెనిగర్‌లో పచ్చి ఘాటు ఆవిరై పోయేది. తెరిచి నాలుగైదు నిమిషాలు కుతకుతా మరగనిస్తే అది పోయి, తియ్యటి పులుపు మిగులుతుంది. మూతపెట్టి బంధిస్తే తిరిగి కూరలోకే దిగుతుంది. గరిటె సంగతి నా దృష్టిలో సగం ఆచారమే, కాని పాటిస్తే పోయేదేమీ లేదు. వాసన ముక్కుని కుట్టడం ఆగాక మూతపెట్టి, సన్నని మంటమీద పాతిక నిమిషాలు.

ఇంట్లో తినడానికైతే అక్కడితో ఆపొచ్చు, రసం అన్నంలోకి బాగుంటుంది. షికారుకైతే ఇంకా ఇగరాలి. ముక్కలు పక్కకి తీసి, రసాన్ని నూనె విడిగా తేలేదాకా మరిగించి, ముక్కల్ని మళ్లీ అందులో వేసి పొర్లించండి. గిన్నె వంచితే రసం పారకూడదు, ముక్కని పట్టుకుని ఉండాలి. పిల్ల డబ్బాలోకి వెళ్లే భాగంలోంచి ఎముకలు, ఆకు, మిరియాలు రాత్రే ఏరెయ్యండి. మిరియం కొరికిన నాలుగేళ్ల పిల్ల ఆ తర్వాత ఇంకో ముద్ద నోట్లో పెట్టదు.

మర్నాడు పొద్దున్న అన్నం. బియ్యం కడిగి, గిన్నెలో చదును చేసి, చూపుడువేలి కొస బియ్యం పైభాగానికి ఆనించి, మొదటి గీత దాకా నీళ్లు. రెండోసారి కడిగిన కడుగునీళ్లు పారబొయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, సాయంత్రం వాటితో పనుంది. అన్నం త్వరగా పాచిపోకుండా రెండు కప్పుల బియ్యానికి ఒక చిన్న చెంచా వెనిగర్ వేసి వండటం అక్కడ మామూలే. వాసన తెలియదు.

కూర ఎంత గట్టిదైనా డబ్బాలో ముందు పాడయ్యేది అన్నమే. పొగలు కక్కే అన్నాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీళ్లై మళ్లీ అన్నంమీదే పడుతుంది. మనీలా ఉక్కలో ఆ తడికి మూడు నాలుగు గంటల్లో జిగురు, వాసన మొదలవుతాయి. వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోయాక కట్టండి. అరిటాకులో కట్టేట్టయితే ఆకుని మంటమీద అటూ ఇటూ ఆడించాలి. పచ్చదనం నిగనిగలాడి మెత్తబడితే మడతలో చీలదు. ఫ్రిజ్‌లోని అడోబోని పొగలొచ్చేదాకా మళ్లీ వేడిచేసి వేరే డబ్బాలో పెట్టండి. ఎలా కట్టినా మధ్యాహ్నం పన్నెండులోపు తినెయ్యాలి. కొబ్బరిపాల కూరల జోలికి మాత్రం షికారు రోజు పోవద్దు. పక్కన నంజుకోవడానికి ఉప్పులో ఊరిన బాతుగుడ్డు, టమాటా. మామూలు గుడ్లలో కలిసిపోకుండా ఆ గుడ్ల పెంకుకి ముదురు గులాబీ రంగు వేసి అమ్ముతారు. పిల్లలు ఆ రంగు చూసే మోజుపడతారు. టమాటా మాత్రం అక్కడికెళ్లాకే కొయ్యండి. ఇంటిదగ్గరే కోస్తే నీరుగారిపోతుంది.

ఇక రెండో సంచి పిల్లది. అందులో ముఖ్యమైనది బిమ్పో, అంటే చిన్న తువ్వాలు. పిల్ల చొక్కా వెనక మెడ దగ్గర్నుంచి వీపుకి ఆనేట్టు దూర్చి, పై అంచు కాలర్‌మీదికి మడిచి వదిలేస్తారు. పార్కులో ఏ పిల్ల వెనక చూసినా ఆ తెల్లటి అంచు కనిపిస్తుంది. చెమట ఒంటిమీదే ఆరిపోతే దగ్గు, జలుబు వస్తాయని అక్కడి పెద్దల నమ్మకం. అది నిజమో కాదో పక్కనబెడితే, వీపుకి అంటుకున్న తడి చొక్కా లేకపోవడం వల్ల చెమటకాయలు తగ్గుతాయి, పిల్ల చిరాకూ తగ్గుతుంది. కనీసం మూడు తువ్వాళ్లు, రెండు చొక్కాలు పెట్టుకోండి. తడిసింది లాగి పొడిది దూర్చడానికి అరనిమిషం పట్టదు. ఎండలో మార్చి, ఏప్రిల్, మే నెలలు మన వేసవి లాగే ఉంటాయి. జూన్ నుంచి వాన. గొడుగు రెండు కాలాల్లోనూ కావలసిందే.

జీప్నీ, అంటే అక్కడి పొడుగాటి జీపు బస్సు, ఎక్కితే పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఒళ్లో పిల్లకి మామూలుగా ఛార్జీ అడగరు, విడిగా సీటు పట్టిస్తే ఇవ్వాలి. తలుపుండని వెనక గుమ్మం పక్క సీటు వద్దు, లోపలికి జరగండి. డబ్బుని "బయాద్ పో" అంటూ పక్కవాళ్లకిస్తే చేతులు మారి డ్రైవర్‌కి చేరుతుంది. చిల్లర అలాగే వెనక్కొస్తుంది. దిగేచోట "పారా పో" అనాలి. రైలైతే ఎల్ఆర్‌టీ 1వ లైన్‌లో యునైటెడ్ నేషన్స్ స్టేషన్‌లో దిగితే పార్కు నడిచే దూరమే.

పార్కు కన్నా ముందు మ్యూజియం పెట్టుకోండి. ఎండ ముదిరే వేళకి లోపల చల్లగా ఉంటుంది. పిల్లలకి నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ సరైనది. 2018లో తెరిచారు, ప్రవేశం ఉచితం. మధ్యలో పైకి లేచిన జీవవృక్షం కట్టడం డీఎన్ఏ మెలికల రూపంలో ఉండి గాజు గుమ్మటాన్ని మోస్తుంది, అందులోనే లిఫ్టు. పిల్లలు నిజంగా నోరు తెరిచేది మాత్రం లోలోంగ్ దగ్గర. 2011లో అగుసాన్ డెల్ సుర్‌లో పట్టుబడిన ఉప్పునీటి మొసలి, పొడవు 6.17 మీటర్లు. 2013లో చనిపోయింది. ఆ పొడవు పిల్లకి అర్థం కావాలంటే తలనుంచి తోకదాకా అడుగులు లెక్కపెడుతూ నడిపించండి. అంతస్తులన్నీ ఒకేసారి చూపించాలని పట్టుబట్టకండి, చిన్నపిల్లలకి గంటన్నర చాలు. తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఆదివారం క్యూ ఉంటుంది కాబట్టి తెరిచే వేళకే వెళితే మంచిది.

తర్వాత పార్కులో నీడ చూసుకుని చాప. 1896 డిసెంబరు 30న ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసె రిజాల్‌ని కాల్చి చంపింది ఇక్కడే. ఆయన విగ్రహం దగ్గర కాపలా సైనికులు కదలకుండా నిలబడటం పిల్లలకి వింత. పార్కులోనే ఒక కొలనులో దేశం మొత్తం దీవులుదీవులుగా కట్టిన పటం ఉంది. మన పిల్లలకి లుసోన్, మిందనావ్ ఎక్కడున్నాయో చూపించడానికి పుస్తకం కన్నా ఇది నయం. చుట్టూ తిరిగే అమ్మకందార్ల దగ్గర తహో కొంటే, వేడివేడి మెత్తటి సోయా పాల గడ్డమీద బెల్లంపాకంలాంటి ఆర్నిబాల్, సగ్గుబియ్యం పోసిస్తారు. మూడేళ్ల లోపు పిల్లకి సగ్గుబియ్యం లేకుండా పొయ్యమనండి, గొంతుకి అడ్డం పడొచ్చు. నూనెలో వేయించి పంచదార పాకం పట్టిన అరటిపండు పుల్లకి గుచ్చి ఇస్తే, పుల్ల తీసేసి, ఊది, ముక్కలు చేసి పెట్టాలి. పాకం పైకి చల్లారినట్టే కనిపిస్తుంది, లోపల కాలుతూ ఉంటుంది.

ఇంటికొచ్చాక అందరికీ కావలసింది పుల్లటి పులుసు, సినిగాంగ్. పొద్దున దాచిన కడుగునీళ్లు ఇప్పుడు తియ్యండి. రొయ్యలతో చేస్తే అరగంటలో అయిపోతుంది. అరకిలో రొయ్యలకి ఏడు కప్పుల కడుగునీళ్లు, పాతిక తులాల పచ్చి చింతకాయలు. మన ఇళ్లలోని పాత చింతపండు వేస్తే రంగు నల్లబడి తీపి దిగుతుంది, అది వేరే పులుసు అవుతుంది. చింతకాయల్ని వేరే గిన్నెలో తొక్క పగిలేదాకా ఉడికించి, గరిటెతో మెదిపి వడకట్టాలి. మిక్సీలో వెయ్యొద్దు, గింజ నలిగితే వగరు.

కడుగునీళ్లలో ఉల్లిపాయ, రెండు టమాటాలు, చేమదుంప ముక్కలు వేసి పది నిమిషాలు. దుంప మెత్తబడ్డాక ముల్లంగి చక్రాలు, ఐదు నిమిషాలకి పొడుగు అలసంద కాయలు, బెండకాయలు, వంకాయ. అవీ మగ్గాకే చింతకాయ రసం. ముందే పోస్తే ఏ ముక్కా ఉడకదు. పప్పులో చింతపండు ముందే వేస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రొయ్యలు చివర్లో మూడు నిమిషాలు, రంగు మారగానే చాలు. పతిస్, అంటే చేపల సాస్, రెండు చెంచాలు పోసి రుచి చూసుకుని ఇంకా కావాలంటే పొయ్యండి. స్టవ్ కట్టేశాక తూటికూర ఆకులు, ఆ వేడికే వాలిపోతాయి. పొడుగు పచ్చిమిరపకాయ వేసేముందు పిల్లకి విడిగా గిన్నెలోకి తీసేసి, నాలుగు చెంచాల వేడినీళ్లు కలిపితే పులుపు తగ్గుతుంది.

ఫ్రిజ్‌లో మిగిలిన అడోబో సోమవారం పొద్దున ఫలహారం. ముక్కల్ని చేత్తో పీచులుగా విడదీసి, దాని నూనెలోనే కరకరలాడేదాకా వేయించండి. శనివారం వండి ఫ్రిజ్‌లో పెట్టిన చద్దన్నం ఉంటే సినాంగాగ్‌కి, అంటే వెల్లుల్లి వేసి వేయించే అన్నానికి, అదే కావాలి, అప్పుడే వార్చిన అన్నం ముద్దకడుతుంది. అన్నాన్ని తడిచేత్తో పొడిపొడిగా విడదీసి, ఎనిమిది వెల్లుల్లి రెబ్బల తరుగుని చల్లటి నూనెలో వేసి సన్నని మంట పెట్టండి. కాగిన నూనెలో వేస్తే లోపల పచ్చిగా ఉండగానే పైన మాడుతుంది. లేత బంగారు రంగు రాగానే సగం తీసి పక్కన పెట్టి, మిగతాదాంట్లో అన్నం, ఉప్పు వేసి పెద్దమంటమీద నాలుగు నిమిషాలు కలిపి, తీసిన వెల్లుల్లి పైన చల్లండి. పక్కన ఒక ఆమ్లెట్టో ఉప్పుగుడ్డో. పిల్ల బడి డబ్బాలోకి కూడా ఇదే వెళుతుంది, ఆవిరి పోయాకే మూత పెట్టండి.