పన్నెండున్నరకి తెరిచే క్యారేజీ

జూన్

ఈ ఏడాది పిల్లల క్యారేజీలు కట్టే పని నాకు పడింది. మా ఆవిడకి రాజమండ్రి బదిలీ అయింది. ఏడింటికల్లా అమలాపురంలో బస్సెక్కాలి. నా కొట్టు తొమ్మిదిన్నర దాకా తెరవను కాబట్టి పొద్దున్న చేతులు ఖాళీ. పెద్దది ఐదో తరగతి, చిన్నాడు ఒకటి. జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి కొట్లో మిగిలిన ఒక పద్దు పుస్తకంలో రాస్తున్నాను. ఏం పెట్టాను, ఎంత వెనక్కొచ్చింది, ఎందుకొచ్చింది. మొదట్లో తప్పక మొదలెట్టిన పని. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు రేపటి క్యారేజీ గురించే ఆలోచిస్తున్నానంటే సరదా పుట్టినట్టే.

పుస్తకం తిరగేస్తే ఒక్క సంగతి బాగా తేలింది. పొద్దున్న ఏడున్నరకి పొయ్యి దగ్గర రుచి చూసి "బ్రహ్మాండం" అనుకోవడం దండగ. పిల్లలు తినేది పన్నెండున్నరకి. ఈ మధ్యలో ఆ డబ్బా ఆటోకి వేలాడుతుంది, ఎండలో తిరుగుతుంది, సంచిలో తలకిందులవుతుంది. అందుకే ఇప్పుడు మూడో డబ్బా ఒకటి కడుతున్నాను. అందులో అదే వంట, అదే మూత, అది కొట్లో బల్ల మీద ఉంటుంది. పన్నెండున్నరకి తెరిచి నేను తింటాను. పిల్లలు ఎందుకు వదిలేశారో అడగక్కర్లేదు, మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

వంట కన్నా ముందు మూత సంగతి. వేడన్నం పెట్టి వెంటనే బిగిస్తే లోపల ఆవిరి చల్లారి నీరవుతుంది, మూత లోపలికి లాక్కుని పట్టేస్తుంది. ఆరేళ్ల పిల్లాడి చేతికి అది రాదు. చిన్నాడి క్యారేజీ ముట్టుకోకుండా వచ్చిన రోజుల్లో సగం రోజులు కారణం ఇదే. వాడికి ఆకలేసింది, మూత రాలేదు, పక్కవాడి బిస్కెట్లు తిన్నాడు. కొత్త డబ్బా ఏది కొన్నా ముందు వాణ్ణి నేల మీద కూర్చోబెట్టి వాడి చేతే తెరిపించి, మూయించి చూస్తాను. క్లిప్పులున్న స్టీలు డబ్బా పెద్దదానికి బాగానే ఉంది. చిన్నాడికి మాత్రం వదులుగా తిరిగే మరమూత డబ్బా నయం.

ఇంకోటి, డబ్బా సంచి బయటి జేబులో పెట్టకూడదు. ఆటోవాళ్లు సంచుల్ని పక్క కొక్కేలకి తగిలిస్తారు, ఎండ నేరుగా అక్కడే కొడుతుంది. పుస్తకాల మధ్య పెడితే కాస్త నయం.

గోరువెచ్చగా పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అయిదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు తొందరగా పెరుగుతాయి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే దాని బీజాలు ఉడికినా చావవు, అన్నం నిమ్మళంగా చల్లారుతుంటే మళ్లీ లేస్తాయి. కాబట్టి రెండే దారులు. సాంబారన్నం, కిచిడీ లాంటి తడివి పెట్టాలంటే ఫ్లాస్కు డబ్బాలో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, పొయ్యి మీంచి దించింది దించినట్టే నింపి బిగించాలి. పొడివి పెట్టాలంటే పళ్లెంలో పలచగా పరిచి ఫ్యాను కింద ఆరబెట్టి, ఆవిరి పోయాక మూయాలి. బెండకాయ వేపుడు జిగురెక్కేది కూడా ఈ ఆవిరి వల్లే. రాత్రి మిగిలిన అన్నం క్యారేజీకి పెట్టను. "మేమంతా చద్దన్నం తిని పెరగలేదా" అంటుంది మా అమ్మ. చద్దన్నం పొద్దున్నే ఇంట్లో తింటాం కదమ్మా, మధ్యాహ్నం దాకా ఎండలో తిప్పి తినం కదా అని నా వాదన. ఆవిడ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఆషాఢం

ఆషాఢంలో మునగాకు తినాలంటారు. మా పెరట్లో చెట్టుంది, తినిపించడమే గొడవ. పప్పులో వేస్తే పెద్దది ఆకు ఆకు ఏరి డబ్బా అంచున వరసగా అతికించి పంపింది. కోపం రావాల్సింది గానీ అంత ఓపికకి ముచ్చటేసింది.

చివరికి పొడి చేశాను. రెండు దోసిళ్ల ఆకు కడిగి, నీడన ఫ్యాను కింద ఒక పూట ఆరబెట్టి, నూనె లేకుండా సన్నసెగ మీద గలగలమనేదాకా వేయించాను. తడి ఉంటే పొడి రెండ్రోజులకే మెత్తబడుతుంది. విడిగా మినప్పప్పు, పచ్చిశనగపప్పు రెండేసి చెంచాలు, నువ్వులు మూడు చెంచాలు, నాలుగు ఎండుమిరపకాయలు, జీలకర్ర వేయించి, చిన్న చింతపండు రేకు, ఉప్పు వేసి కొట్టాను. ఆకు చివర్న వేసి మెత్తగా తిప్పాలి. నువ్వుల వల్ల రంగు గోధుమవన్నెకి తిరుగుతుంది, పచ్చగా కనబడదు. పిల్లలకి పేచీ రుచితో కన్నా రంగుతోనే ఎక్కువ. దీన్ని ఇంట్లో "ఇడ్లీ కారం" అని పిలుస్తున్నాం. మునగాకు మాటెత్తవద్దని మా అమ్మకి గట్టిగా చెప్పాను. నెయ్యి వేసి వేడన్నంలో కలిపి, చల్లారాక పైన నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతున్నాను. ఆకుల్లో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసంలోని సి విటమిన్ సాయపడుతుంది. ఖాళీ డబ్బాలొస్తున్నాయి.

గుడ్డు. వాసనొస్తుందని, పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుంటున్నారని పెద్దదాని ఫిర్యాదు. గుడ్డుని మరీ ఎక్కువసేపు ఉడకబెడితే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది, గంధకం వాసన పుట్టేది అప్పుడే. నీళ్లు మరిగాక తొమ్మిది పది నిమిషాలు చాలు. వెంటనే చన్నీళ్లలో వెయ్యాలి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి, దాన్ని వదులుకోను. అలా పెట్టినా దానికి బిడియం పోలేదు గనక పొరటు చేసి, చపాతీలో చుట్టి ఇస్తున్నాను. చిన్నాడికి ఏ బిడియమూ లేదు, ఉడికిన గుడ్డు మీద మిరియాలపొడి అడుగుతాడు.

మా వీధిలో ఒకమ్మాయి సర్కారు బడికి వెళ్తుంది. అక్కడ గుడ్డు, రాగిజావ, వేరుశనగ చిక్కీ ఇస్తారు. 2024లో ఆ మధ్యాహ్న భోజన పథకానికి, వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఊరు లంకల గన్నవరం మాకు ఎంతో దూరం కాదు, మా అమ్మ ఆవిడ పేరు వింటే ఇప్పటికీ చేతులు జోడిస్తుంది. ఆ చిక్కీ చూసి మా చిన్నాడు "నన్ను కూడా ఆ బళ్లో వెయ్యి నాన్నా" అని గోల. వారంలో రెండుసార్లు చిక్కీ మన క్యారేజీలోకీ వచ్చింది.

శ్రావణం, భాద్రపదం

కొబ్బరి గురించి మొదట అనుకోవాలి. కోనసీమలో ఉండి కొబ్బరి పచ్చడి పెట్టొద్దంటే నవ్వుతారు. కానీ పొద్దున్న రుబ్బిన పచ్చి కొబ్బరి పచ్చడి, మా ఉక్కకి, మధ్యాహ్నానికి పులిసి తీగలాగుతుంది. మూడో డబ్బాలో అది తేలింది. ఇప్పుడు కొబ్బరి తురుము దోరగా వేయించి, పుట్నాలపప్పు, ఎండుమిర్చితో కలిపి పొడి కొడుతున్నాను. పచ్చడి ఆదివారం ఇంట్లో తింటున్నాం.

పెరుగన్నానికి మా అత్తగారి ఉపాయం పనిచేసింది. బియ్యానికి మూడింతల నీళ్లు పోసి మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచి చల్లార్చిన పాలు కలిపి, అందులో చెంచాడు పెరుగు మాత్రమే వెయ్యాలి. బళ్లో ఉండగానే తోడుకుంటుంది. పన్నెండున్నరకి తియ్యగా కమ్మగా ఉంటుంది. పొద్దున్నే పెరుగు పోసి కలిపితే ఆ వేళకి పుల్లగా, గడ్డకట్టి ఉంటుంది. డబ్బా అంచుదాకా నింపకూడదు, కారితే నోటు పుస్తకాలు పాడవుతాయి. దానిమ్మ గింజలు వేస్తే పెద్దది ఎదురుచూసి మరీ తింటుంది.

అత్తగారిది పాలకొల్లు, ఆ వైపు దిబ్బరొట్టె ఇంటి వంట. ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కలిపి, ఇనుప మూకుట్లో నూనె వేసి గరిటెడు మందంగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద వదిలెయ్యాలి. పావుగంట పైనే పడుతుంది. తొందరపడి సెగ పెంచితే అడుగు మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఆరాక కత్తితో ఆరు ముక్కలు చేసి పెడితే మధ్యాహ్నం కూడా లోపల మెత్తగా, పైన కరకరగానే ఉంది. చెరకు పానకం చిన్న సీసాలో. నేను తిన్న మూడో డబ్బాల్లో మొదటి బహుమతి దీనికే. చిన్నాడి రొట్టె మీద పళ్లగాట్లు తప్ప మిగులు అన్నది లేదు.

మామూలు ఇడ్లీ మధ్యాహ్నానికి అంచులెండి పీచులా అయిపోతుంది. పొట్టిక్కకి, అంటే పనసాకు బుట్టలో ఉడికించే ఇడ్లీకి, ఆ బాధ లేదు, ఆకు చుట్టూ ఉండి తడి పట్టి ఉంచుతుంది. అంబాజీపేట వైపు హోటళ్లలో దొరుకుతాయి గానీ, మా వీధి చివర పనసచెట్టు ఉంది కదా అని నేనే బుట్టలు కుట్టడం నేర్చుకున్నాను. లేత ఆకు చిరిగిపోతుంది, ముదురాకు వంగదు. మధ్యరకం, అరచెయ్యంత ఆకులు నాలుగు. రెండాకుల్ని తొడిమ దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టి, కొబ్బరి ఈనె ముక్క గుచ్చి, మిగతా రెండూ అడ్డంగా కలిపి, నాలుగు పక్కలా పైకి మడిచి మళ్లీ ఈనెలతో కుట్టాలి. అడుగున సందు ఉంటే పిండి కారుతుంది. నీళ్లు పోసి చూస్తే ముందే తెలుస్తుంది. పిండి సగానికి పోసి, ఇడ్లీ కన్నా ఎక్కువసేపు, అంటే ఇరవై నిమిషాల దాకా ఆవిరి పెట్టాలి. బుట్టలు రాత్రే కుట్టుకుని తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. పొద్దున్న కూర్చుంటే ఆటో వెళ్లిపోతుంది. డబ్బాలో పెట్టే ముందు ఈనెలన్నీ లెక్కపెట్టి తీసేస్తాను, పిల్లలు కొరికితే ప్రమాదం. ఆకు విప్పి తినడం చూసి తరగతిలో అందరూ మూగారట. పిల్లలకి తిండి కన్నా విప్పడమే సరదా.

రొయ్యలు పెట్టమని పెద్దది అడుగుతుంది. ఉక్కలో నాలుగు గంటలు రొయ్య వేపుడు? వద్దు. ఆదివారం.

కార్తీకం

మా ఇంట్లో ఈ నెలంతా గుడ్డు, నీచు ఉండవు. అందుకని పప్పుధాన్యాల మీద పడ్డాను. బొబ్బర్ల గుగ్గిళ్లు రాత్రి నానబెట్టి, పొద్దున్న ఉప్పుతో ఉడికించి, వడకట్టి, తాలింపులో పొడిపొడిగా వేయిస్తే తడి ఉండదు, చెడదు. పెసరట్టు మాత్రం చల్లారాక తోలులా అయింది. పిండిలో గుప్పెడు నానబెట్టిన బియ్యం, తురిమిన క్యారెట్టు వేసి చిన్న చిన్న ఊతప్పాల్లా వేస్తే సర్దుకుంది.

ఇది తేగల కాలం. ఉడికించి, పైపొర తీసి, రెండంగుళాల ముక్కలు చేసి ఇంటర్వెల్‌కి పెడుతున్నాను. పీచు నమిలి ఉమ్మెయ్యాలి, చిన్నాడికి నేర్పించాల్సి వచ్చింది. పళ్లలో అరటిపండు ముక్కలు కోసి పెడితే నల్లబడతాయి, తొక్కతోనే ఇవ్వాలి. రావులపాలెం నుంచి వచ్చే కర్పూర అరటి చిన్న పిల్లలకి సరిపడే పండు. చక్కెరకేళి రుచే గానీ సంచిలో నలిగిపోతుంది. జామకాయ దొరికినన్నాళ్లు ఇంకేదీ అక్కర్లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కంచంలో సగం కూరలు, పళ్లే ఉండాలి. డబ్బాలో సగం దొండకాయ పెడితే నా పెద్దది ఆ డబ్బా మొహమే చూడదు. రోజు మొత్తం మీద లెక్క వేసుకుంటున్నాను. క్యారేజీలో వాళ్లు తినే కూర ఒకటి, సాయంత్రం పండు, కొత్త కూర పరిచయం రాత్రి నా కంచంలోంచి.

సంక్రాంతి దాటాక

కొత్త బియ్యం వచ్చాయి. ముద్దవుతాయి, అంటుకుంటాయి. పెరుగన్నానికి, పప్పన్నానికి హాయి. పులిహోరకి మాత్రం పాత బియ్యమే. మా నాన్నది ఇప్పటికీ స్వర్ణ పక్షమే. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన రకం అని గర్వంగా చెబుతాడు. నాకు పులిహోరకి సన్నబియ్యం ఏడాది నిలవవి అయితే మెతుకు విడివిడిగా ఉంటుంది. నిమ్మకాయ పులిహోరలో రసం అన్నం చల్లారాక పిండాలి, వేడి మీద పిండితే చేదొస్తుంది. పల్లీలు దండిగా వెయ్యాలి, లేకపోతే ఒట్టి అన్నమే తిన్నట్టు. అయిదేళ్లలోపు పిల్లలకైతే పల్లీలు పలుకులుగా వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.

చేలల్లో మినుము ఉంది. వరి కోతకి ముందే చల్లిన పంట. పొట్టు మినుములు వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి కలిపి సున్నుండలు చేశాను. శనివారం క్యారేజీకి ఒకటి. దీన్ని ఇచ్చి కూర తినిపించే బేరం పెట్టకూడదని నా రూలు. బేరం పెడితే కూర శిక్షలా, సున్నుండ బహుమతిలా అయిపోతాయి.

మార్చి

పదిహేను దాటగానే ఒంటిపూట బడులు. మధ్యాహ్నం ఇంటికే వచ్చేస్తారు. క్యారేజీ బదులు పదింటి చిన్న డబ్బా చాలు. నానబెట్టి ఉడికించిన వేరుశనగలు, దోసకాయ ముక్కలు, పల్చటి మజ్జిగ. గడప దాటగానే బడి ముందు బండి దగ్గర రంగు ఐసు కొనమంటారు. బడికి యాభై మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిళ్లు అమ్మకూడదని 2020 నిబంధనల్లో ఉంది. ఆ బండి యాభై ఒకటో మీటరు దగ్గర ఉన్నట్టుంది.

వేసవికి పద్దు పుస్తకంలో రాసుకున్న పనులు: మునగాకు ఎక్కువగా ఆరబెట్టి సీసాల్లో నింపాలి. ఎండల్లో వడియాలతో పాటు కొబ్బరి పొడి కూడా కొట్టి ఎన్నాళ్లు నిలవుంటుందో చూడాలి. చిన్నాడు రెండో తరగతికొస్తాడు, క్లిప్పుల డబ్బా వాడి చేతికి వస్తుందేమో జూన్‌లో మళ్లీ నేల మీద కూర్చోబెట్టి తెరిపించాలి. కొట్టు పక్కన టైలరు మూడో డబ్బాలో సగం తనకి కావాలంటున్నాడు, కొంచెం పెద్ద డబ్బా కొనాలి.