ఒకటి, మూడు, నాలుగు, రెండు

మన ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడులో చదివిన వాళ్లెవరూ మరిచిపోలేని వరస ఇది. పొద్దున్నే మాస్టారు బల్ల మీది అంబాసిడర్ ఇంజన్ మీద చెయ్యి వేసి "ఫైరింగ్ ఆర్డర్?" అని అడిగేవారు. నాలుగు సిలిండర్లలో పెట్రోలు మండే వరస అన్నమాట. అందరం ఒక్క గొంతుతో చెప్పేవాళ్లం. ఆ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకి, అంటే క్యాప్‌కి, సన్నటి పగులుండేది. వానాకాలం చెమ్మకి ఆ పగులు వెంట కరెంటు పారిపోయి, ఎంత తిప్పినా స్టార్టయ్యేది కాదు. కొత్త క్యాప్ కోసం మాస్టారు ఎన్నిసార్లు అర్జీ పెట్టారో! మా 1986-88 బ్యాచ్ బయటికొచ్చేదాకా అది రాలేదు.

కిందటి సెప్టెంబరులో సౌతాంప్టన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆదివారం నాడు అల్లుడు నన్ను బ్యూలీ తీసుకెళ్లాడు. న్యూ ఫారెస్ట్ అడవిలో ఊరు. దారిలో గుర్రాలు మన ఆవుల్లాగే రోడ్డు మీద తిరుగుతున్నాయి. అక్కడ ఏటా పాత కార్ల సామాన్ల సంత జరుగుతుంది. ఆటోజంబుల్ అంటారు. 1967లో మొదలైంది, ఆ మాట పుట్టిందీ అక్కడే. పచ్చిక బయళ్లలో 2,000 దాకా స్టాళ్లు.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాణ్ణి, పాత సామాను నాకు కొత్త కాదు. కానీ మన దగ్గర వెతుకులాట రేపు లోడుకి వెళ్లాల్సిన లారీ కోసం. వీళ్లు వందేళ్ల నాటి కారు హెడ్‌లైట్ రింగు కోసం ఓపిగ్గా అట్టపెట్టెలన్నీ తిరగేస్తున్నారు. మాగ్నెటోలు, ఇత్తడి హారన్లు, ఎస్‌యూ కార్బొరేటర్లు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూస్తూ మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయాను.

ఒక పెద్దాయన స్టాల్లో లూకాస్ కంపెనీ డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కనబడింది. చెయ్యి పడగానే తెలిసిపోయింది, అదే. మన అంబాసిడర్ అంటే అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే. వాళ్లు 1950లతోనే దాన్ని ఆపేస్తే, మనం కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారుచేశాం. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. క్యాప్ మీది కొమ్ముల్ని వేలితో తాకుతూ "వన్, త్రీ" అన్నాను. పెద్దాయన నవ్వి "ఫోర్, టూ" అన్నాడు. బేరమాడబుద్ధి కాలేదు.

క్యాప్ ఉన్న సంచి చంకలో పెట్టుకునే అక్కడి మోటార్ మ్యూజియం చూశాను. 1952లో బ్యూలీ ఎస్టేటు యజమాని లార్డ్ మాంటగు తన తండ్రి జ్ఞాపకార్థం ఐదు కార్లతో ఇంటి హాల్లోనే మొదలుపెట్టాడట. 1927లో గంటకు 200 మైళ్లు దాటిన సన్‌బీమ్ కారు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. రెండు విమానం ఇంజన్లు, వెనక చక్రాలను తిప్పేది మాత్రం గొలుసులు! ఆ వేగంలో ఆ గొలుసుల్ని నమ్మి దాన్ని నడిపిన సెగ్రేవ్ గుండె ఎంత గట్టిదో.

మరో సంగతి మనసులో ఉండిపోయింది. రోల్స్‌రాయిస్ బానెట్ మీది బొమ్మకు నమూనా ఎలినార్ థార్న్‌టన్ అంటారు. ఆ మాంటగు తండ్రి దగ్గర సెక్రటరీ ఆమె. ఆయన సైన్యం మోటారు బండ్ల సలహాదారుగా ఇండియాకి వస్తుంటే తోడు బయల్దేరింది. 1915 డిసెంబరు 30న మధ్యధరా సముద్రంలో ఓడ మీద టార్పెడో దాడి జరిగింది. ఆయన బతికాడు, ఆమె బతకలేదు.

బయటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను. మనకప్పటికి రాత్రి ఎనిమిది. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి. "సార్, క్యాప్ దొరికింది" అన్నాను. ఏ క్యాప్ అని అడగలేదు.

"లోపల మధ్యన బొగ్గు ఉందా? స్ప్రింగు ఆడుతోందా?"

వేలితో నొక్కాను. లోపలికి వెళ్లి తిరిగొచ్చింది.

"ఆడుతోంది సార్."

"అయితే జాగ్రత్తగా తీసుకురా నాయనా. చేతిసంచిలో పెట్టుకో, పెట్టెలో వెయ్యకు."