ఎవరు పెట్టారు మామయ్యా ఈ రూలు?

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎలా వస్తుందని మా అక్క కూతురు క్లాసులో అడిగితే, "అది రూలు, రాసుకో" అన్నారట. రాసుకుంది. సాయంత్రం నాకు మెసేజ్ పెట్టింది: "ఎవరు పెట్టారు మామయ్యా ఈ రూలు?"

నేను ఫిజిక్స్ చదివి, బతుకుతెరువుకి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. లెక్కల గురించి ఎవరేం అడిగినా చేతిలో పని పక్కన పడేస్తాను. ఇది మాత్రం నన్ను కాసేపు ఆపేసింది. "ఎందుకు" అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. "ఎవరు" అన్నాక మనుషులు పెట్టుకున్నదో, ప్రపంచంలోనే అలా ఉన్నదో తేల్చి చెప్పాలి. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ ఒకేలా, ఒకే రంగు గడిలో అచ్చేస్తాయి. పిల్లల తికమకలో సగం అక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

మైనస్ సంగతి తొందరగానే తేలింది. 5కి −5 కలిపితే సున్నా. దాన్ని −3తో గుణించినా సున్నాయే. ఇప్పుడు బ్రాకెట్ విప్పి విడివిడిగా గుణించు. −3ని 5తో గుణిస్తే −15. −3ని −5తో గుణిస్తే వచ్చేది దానికి కలిపి మొత్తం సున్నా చెయ్యాలి. +15 తప్ప ఇంకేం పెట్టినా కుదరదు. అంటే రూలు పెట్టింది మనుషులే. కానీ బ్రాకెట్ విప్పే పద్ధతి నెగటివ్ సంఖ్యలకీ పనిచెయ్యాలి అనుకున్న మరుక్షణం వాళ్లకి వేరే దారి లేకుండా పోయింది. "అలా అనుకోకపోతే?" అంది. అనుకోకపోవచ్చు, ఎవరూ కేసు పెట్టరు. ఆ పద్ధతి వదులుకుని లెక్కలు చేసుకోవడం నీ ఓపిక.

సున్నా ఫ్యాక్టోరియల్ ఒకటెందుకో తనే చేసుకుంది. 4! (4 ఫ్యాక్టోరియల్) అంటే 4×3×2×1, అంటే 24. 4తో భాగిస్తే 3!, అంటే 6. 3తో భాగిస్తే 2. 2తో భాగిస్తే 1. 1తో భాగిస్తే 0!, అదీ 1. అక్కడ ఆగుతుందనుకున్నాను. "ఇంకో మెట్టు దిగితే సున్నాతో భాగించాలి. అందుకేనా −1కి ఫ్యాక్టోరియల్ లేదంటారు?" అని అడిగింది. అచ్చంగా అందుకే.

మధ్యలో ఒక వీడియో పంపింది: 1+2+3+4 అలా అనంతం దాకా కూడితే −1/12 వస్తుందని. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రామానుజన్ 1913లో ఇంగ్లండ్‌లోని గణితవేత్త హార్డీకి ఇది రాసినప్పుడు తన సిద్ధాంతం ప్రకారం అని ముందే చెప్పాడు. మామూలు అర్థంలో ఆ కూడికకి మొత్తం లేదు, పెరుగుతూనే పోతుంది. "మొత్తం" అంటే ఏమిటో ఇంకోలా నిర్వచించుకుంటేనే −1/12 వస్తుంది. ఆ నిర్వచనం చాలా లోతైనది, ఉపయోగపడేది కూడా. దాన్ని దాచిపెట్టి గారడీ చూపించడం దేనికి?

అప్పటినుంచి తన నోట్‌బుక్‌లో పేజీకి నడుమ గీత గీసి, ఎడమవైపు "మనం", కుడివైపు "ప్రపంచం" అని రాసుకుంటోంది. ఫిజిక్స్ మొదలయ్యాక కుడివైపు నిండటం మొదలైంది.

కైనెటిక్ ఎనర్జీ, అంటే కదిలే వస్తువుకుండే శక్తి, ½mv² (m ద్రవ్యరాశి, v వేగం). అందులో వేగానికి స్క్వేర్ ఎందుకు? బరువు రెట్టింపైతే శక్తి రెట్టింపు, వేగం రెట్టింపైతే మాత్రం నాలుగింతలా? దీని మీద యూరప్‌లో పెద్ద పెద్దవాళ్లే తరాలపాటు కొట్టుకున్నారు. డేకార్ట్ శిష్యులు ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలన్నారు, లైబ్నిట్జ్ 1686లో స్క్వేర్ కావాలన్నాడు. నెదర్లాండ్స్‌లో గ్రావెసాండ్ అనే ఆయన ఇత్తడి గుండ్లని మెత్తటి బంకమట్టి మీద పడేసి చూశాడు. నాలుగు రెట్ల ఎత్తు నుంచి పడ్డ గుండు రెండు రెట్ల వేగంతోనే దిగుతుంది, గుంట మాత్రం నాలుగింతలు చేస్తుంది. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాట్లే అనే ఆవిడ 1740లో అచ్చయిన తన పుస్తకంలో ఆ ప్రయోగాన్ని అడ్డం పెట్టుకునే లైబ్నిట్జ్ పక్షాన వాదించింది. స్క్వేర్‌ని నిర్ణయించింది బంకమట్టి. ముందున్న ½ మాత్రం మనది: బలాన్ని దూరంతో గుణిస్తే "పని" అని పేరుపెట్టుకున్నాం కాబట్టి వచ్చింది, 1829లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కొరియోలిస్ దాన్ని ఖాయం చేశాడు. ఒకే సూత్రం గీతకి రెండువైపులా పడిందని తను తెగ సంతోషపడింది.

రెండ్రోజులకి అసలు బాంబు వేసింది. "రైలు సెకనుకి 10 మీటర్ల వేగంతో వెళ్తోంది. లోపల నేను కిలో బంతిని ముందుకి అదే 10 వేగంతో విసిరాను. నా లెక్కలో 50 జౌళ్ల శక్తి ఇచ్చాను. బయట నేలమీద నిలబడ్డవాడికి బంతి వేగం 10 నుంచి 20 అయింది, అంటే శక్తి 50 నుంచి 200. మిగతా 100 జౌళ్లు ఎవరిచ్చారు?"

ఈ ప్రశ్న నాకెంత నచ్చిందో చెప్పలేను. చాలామంది ఇక్కడికి వచ్చి, స్క్వేరే తప్పేమో అనుకుని వెనక్కెళ్లిపోతారు. విసిరేటప్పుడు నీ పాదాలు రైలుని వెనక్కి తోస్తాయి, రైలు నీ పాదాల్ని ముందుకి తోస్తుంది. రైలు వేగం తగ్గకుండా ఇంజను ఆ కాసేపు కొంచెం ఎక్కువ లాగాలి. బంతికి అందిన ఊపు (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) 10 యూనిట్లు, రైలు వేగం 10. రెంటినీ గుణిస్తే ఇంజను పెట్టిన అదనపు పని సరిగ్గా 100 జౌళ్లు. ఎవరి లెక్కా తప్పు కాదు. రైల్లో కూర్చున్నవాడికి రైలు కదలడం లేదు కాబట్టి ఇంజను పని కనపడదు, అంతే. కాగితం మీద 100 వచ్చేసరికి ఫోన్‌లో అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తరవాత "బంతిని వెనక్కి విసిరితే?" అంది. చేసి చూడమన్నాను. నేల మీదవాడికి బంతి ఆగిపోతుంది, దాని 50 జౌళ్లూ పోతాయి, నువ్వు ఇంకో 50 పెట్టావు. ఈసారి ఆ మొత్తం 100 ఇంజనుకి మిగులు.

బరువైనదీ తేలికైనదీ ఒకేసారి పడటం గురించి అందరిలాగే అడిగింది. 1971లో చంద్రుడి మీద వ్యోమగామి స్కాట్ సుత్తినీ ఈకనీ వదిలిన వీడియో చూపించాను. చూసి, "భూమి లాగేది ఒక ద్రవ్యరాశిని, కదలనని మొండికేసేది ఒక ద్రవ్యరాశి. రెండిటికీ ఒకే అక్షరం పెట్టి కొట్టేస్తున్నారు. రెండూ ఒకటేనని ఎవరన్నారు?" అంది. ఎవరూ అనలేదు, కొలిచారు. 2016లో పంపిన మైక్రోస్కోప్ ఉపగ్రహం లక్ష కోట్లలో ఒక వంతు కంటే సన్నటి తేడా కోసం వెతికినా ఏమీ దొరకలేదు. న్యూటన్ సిద్ధాంతంలో దీనికి కారణం లేదు. ఐన్‌స్టీన్ 1907లో దీన్నే మొదటి మెట్టు చేసుకుని గురుత్వాకర్షణని తిరగరాయడం మొదలుపెట్టాడు. కుడివైపు, పెద్దక్షరాల్లో రాయమన్నాను.

ఇప్పుడు గొడవంతా −1 వర్గమూలం దగ్గర. ఎడమవైపే అనుకున్నాం. 1572లో ఇటలీ గణితవేత్త బాంబెల్లి, x స్థానంలో 4 పెడితే సరిపోయే ఒక ఘన సమీకరణాన్ని సూత్రంతో సాధిస్తుంటే మధ్యలో −121 వర్గమూలం వచ్చిపడింది. భయపడకుండా దానితోనే లెక్క నడిపిస్తే చివర్లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని 4 మిగిలింది. అంటే పనిముట్టే కదా? కానీ 1926లో, అణువుల లోపలి ప్రపంచాన్ని వర్ణించే క్వాంటం సిద్ధాంతపు ష్రోడింగర్ సమీకరణంలో అది నేరుగా వచ్చి కూర్చుంది. "రెండు మామూలు సంఖ్యల జతగా రాసుకుంటే పోలా?" అంటుంది తను. రాసుకోవచ్చు, కానీ ఆ జతల్ని గుణించే పద్ధతిలో −1 వర్గమూలమే వేషం మార్చుకుని ఉంటుంది. 2021లో కొందరు ఒక పరీక్ష ప్రతిపాదించారు, తరవాత ప్రయోగాలూ జరిగాయి: వేరువేరు వ్యవస్థల్ని కలిపే మామూలు నియమాన్ని ఉంచుకుంటే, ఉత్త రియల్ సంఖ్యల (−1 వర్గమూలం లేని మామూలు సంఖ్యల) క్వాంటం సిద్ధాంతం ఆ ఫలితాలకి సరిపోదు. నియమాన్ని మార్చుకుంటే మళ్లీ సరిపోతుంది. అలా మార్చుకోవడం న్యాయమేనా అని ఆ రంగంలోవాళ్లే వాదించుకుంటున్నారు. నేను కుడివైపంటున్నాను, తను ఎడమవైపు నుంచి కదలనంటోంది.