ముప్పై లీటర్ల మొక్కు

కంటి శుక్లం ఆపరేషన్ బాగా జరిగితే అరసవల్లి సూర్యుడి గుడి దగ్గర పొయ్యి వెలిగించి క్షీరాన్నం వండుతానని అమ్మ మొక్కుకుంది. ఆపరేషన్ అయ్యాక ఆర్నెల్లకి, మాఘమాసంలో రెండో ఆదివారం కుదిరింది. విశాఖపట్నం నుంచి మేం నలుగురం: అమ్మ, అక్క, బావ, నేను. రైల్లో పోదామని నేనొక మాట అని చూశాను. శ్రీకాకుళం రోడ్ అని పేరేగానీ ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి మళ్లీ ఆటో. "బియ్యం, బెల్లం, గిన్నె, బట్టలు ఇన్నీ ఎత్తుకుని ఆటో ఎక్కి దిగమంటావేటిరా?" అంది అమ్మ. బావ అప్పటికే కారు తుడుస్తున్నాడు.

తెల్లవారుజామున రెండున్నరకి బయల్దేరాం. నాతవలస టోల్‌గేట్ దగ్గరే తెలిసిపోయింది, ముందూ వెనకా ఉన్న కార్లు చాలావరకు మేం వెళ్లే చోటికేనని. ప్రతి కారులోనూ ముగ్గురో నలుగురో, వెనక అద్దం దగ్గర కొబ్బరికాయల సంచి. రణస్థలం దాటుతుంటే బావ కుడివైపు చీకట్లోకి చెయ్యి చూపించి "కొవ్వాడ అటే" అన్నాడు. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్న ప్రతిపాదన ఉన్న ఊరు. ఆ చీకట్లో కనబడిందేమీ లేదు.

కారు ఆపుకోవడానికి చోటు దొరికేసరికి గుడికి కిలోమీటరు దూరంలో తేలాం. ఇంద్రపుష్కరిణి చుట్టూ అప్పటికే వందల పొయ్యిలు. మూడు ఇటుకలు, మధ్యలో పిడకలు, పైన పసుపు రాసి బొట్లు పెట్టిన గిన్నె. పొగ మనిషి నడుమెత్తున పరుచుకుని ఉంది. అమ్మకి డాక్టర్ పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండమన్నాడు. ఆ మాట నేను గుర్తు చేయబోయేలోగా తనే సంచిలోంచి ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. కళ్లిచ్చిన దేవుడికి, కళ్లు మండే పొగలో, నల్లద్దాలు పెట్టుకుని పాలు పొంగిస్తున్న మా అమ్మని అక్క ఫోటో తీసింది. అమ్మకి కోపం వచ్చింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది.

పిడకలు అమ్మే ఆవిడ పక్క ఊరి మనిషి. ఎండిందీ లేనిదీ చూడ్డానికి ఒక్కో పిడకనీ వేలితో కొట్టి, 'టక్' మని మోగినవే మాకిచ్చింది. అంటుకోకపోతే ఎలాగని అక్క అడిగితే, అడుగున ఒక కొబ్బరి డొక్క పెట్టమంది. "మిగతా రోజుల్లో ఎవులు కొంటారు బాబూ? అందరిళ్లల్లోనూ గ్యాసే. ఈ మాఘమాసం ఆదివారాలుంటేనే మాకు నాలుగు డబ్బులు" అంది. గ్యాసు సిలిండరు చంపేసిన సరుకు అది, ఏడాదిలో ఒక్క నెల దేవుడి పేరు మీద బతుకుతోంది.

అక్కడ కూర్చున్నప్పుడే నాకు లెక్కల పురుగు కుట్టింది. నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, చివరికి ఒక ఆఫీసులో జమాఖర్చులు రాస్తున్నవాణ్ణి. మా యాత్ర మొత్తం, ఇక్కణ్ణుంచి సోంపేట వైపు మావయ్య ఊరిదాకా వెళ్లి ఇంటికి తిరిగి రావడంతో కలిపి, సుమారు 470 కిలోమీటర్లు. బావ కారుకి ముప్పై లీటర్ల డీజిల్. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మా నలుగురి పుణ్యానికి ఎనభై కిలోలు. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి ఒక్కో యూనిట్‌కి సగటున 0.7 కిలో అనుకుంటే, ఈ ఎనభై కిలోలు నూట పదిహేను యూనిట్ల కరెంటుతో సమానం. మా ఇంట్లో అది పదిహేను రోజుల పైన వాడకం.

కళ్లు మండించే పిడకల పొగ అందరికీ కనబడుతుంది, అందరూ తిట్టుకుంటారు. ఊపిరితిత్తులకి అది చెడ్డదే, సందేహం లేదు. అయితే ఆ పిడకలో ఉన్నది మొన్నమొన్న ఆవు మేసిన గడ్డి. అందులోంచి లేచిన కార్బన్ వచ్చే వానాకాలం గడ్డిలోకి మళ్లీ చేరుతుంది. డీజిల్ సంగతి వేరు. కోట్ల ఏళ్లు భూమిలో పూడి ఉన్నదాన్ని తోడి కాల్చాం, అది మళ్లీ అక్కడికి పోదు. కిలోమీటరు అవతల ఆపిన మా తెల్లకారు మీద పొగ మచ్చ కూడా లేదు.

డబ్బు లెక్క ఇంకా ఇబ్బంది పెట్టింది. పిడకలు, పాలు, కొబ్బరికాయలు, పూలు, చెప్పుల స్టాండు, నలుగురి టిఫిన్లు అన్నీ కలిపి అరసవల్లిలో మేం ఖర్చుపెట్టింది 860 రూపాయలు. డీజిల్‌కి దాదాపు 2900, టోల్‌గేట్లు వేరే. ఊరికి దక్కింది పెట్రోలు బంకుకి దక్కినదాంట్లో మూడో వంతు కూడా కాదు. పర్యాటకం వస్తే ఊరు బాగుపడుతుందని ప్రతి సభలో వింటాం. పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి పోయే మాలాంటి వాళ్ల వల్ల ఎంత బాగుపడుతుంది? అదే ప్రయాణంలో ఒక రాత్రి ఉండి, లాడ్జిలో దిగి, రెండు పూటలు తిని, మర్నాడు శ్రీముఖలింగం చూసుకుని వెళ్తే ఊళ్లో మిగిలే సొమ్ము మూడు నాలుగు రెట్లవుతుంది, పొగ కాస్త పెరుగుతుందేమో. ఒకే జిల్లాలో మూడు పెద్ద గుళ్లు పెట్టుకుని, మూడూ ఒక్కపూటలో చుట్టేయడం గొప్పగా చెప్పుకుంటాం.

దర్శనానికి మూడు గంటలు పట్టింది. ఏడో శతాబ్దంలో తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే గుడి. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబర్ మొదట్లో పొద్దుటి కిరణాలు నేరుగా లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. మిగతా రోజుల్లో లోపల బల్బులే. "సూర్యుడి గుడికి సోలార్ పెట్టరేటి?" అన్నాడు బావ. క్యూలో మా ముందున్నాయన వెనక్కి తిరక్కుండానే "ఈ మాట ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారండీ" అన్నాడు. జోకు పక్కన పెడితే, చిక్కు ఇంకోటుంది. రథసప్తమి అభిషేకం మొదలయ్యేది అర్ధరాత్రి. సీరియల్ సెట్లు, మైకులు, జనం, అన్నీ రాత్రే. సోలార్ పలకలు కరెంటు ఇచ్చేది పగలు. బ్యాటరీలు పెడితే తప్ప ఆ రాత్రికి బొగ్గే దిక్కు. 2025లో రథసప్తమిని రాష్ట్ర పండుగ చేశాక ఆ వెలుగులు ఇంకా పెరిగాయి.

శ్రీకూర్మంలో ఎక్కువసేపు ఉండలేదు. పడమటి ముఖంగా ఉన్న స్వామి, రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు. ఒకటి ఆకు ముక్క కొరకడానికి మెడ చాచి, ఆగి, ఆలోచించి, మళ్లీ చాచింది. బావ ఫోన్‌లో టైము చూసుకున్నాడు.

అక్కణ్ణుంచి హైవే ఎక్కి మడపాం టోల్‌గేట్ దాటి సోంపేట వైపు. అక్కడ ఒక పల్లెలో మా మావయ్య ఉంటాడు. పలాసలో ఆగి జీడిపప్పు కొన్నాం. ఎండిన జీడిపిక్కల తొక్కునే అక్కడ బాయిలర్లలో కాలుస్తారు. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ గాలిలో ఆ ఘాటు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మావయ్య ఇంటి ముందు కొబ్బరిచెట్లు ఎనిమిది ఉన్నాయి. నేను స్కూల్లో ఉన్నప్పుడు డెబ్బై ఉండేవి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి, జీడి తోటల మా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చిపెట్టేసింది. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే మాటలు అటే వెళ్లాయి. స్తంభాలన్నీ పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ట్రాక్టర్ మీద జనరేటరు ఎక్కించుకుని వీధి వీధి తిరిగేవాడొకడు ఇంటికింతని తీసుకుని ట్యాంకుకి నీళ్లెక్కించేవాడట. డబ్బులు లేనివాళ్లు బిందెలు పట్టుకుని బీల గట్టు దాకా పోయారు.

సోంపేట బీల గురించి తెలియనివాళ్లకి: అదొక పెద్ద చిత్తడి నేల. వరి, చేపలు, గడ్డి, నీళ్లు, అన్నీ దాంట్లోంచే. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామంటే జనం ఎదురు తిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది కూడా సరిగ్గా ఆ రోజే. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపరలోనూ (అదీ చిత్తడి నేలే) కాల్పులు జరిగాయి. ఒకప్పుడు కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసిన ఇ.ఏ.ఎస్. శర్మ గారు ఈ ఊళ్ల తరఫున మాట్లాడటం మా మావయ్యకి ఇప్పటికీ గొప్ప. "కరెంటు సంగతి ఆయనకి తెలవదా?" అంటాడు.

బావకి ఊరుకోబుద్ధి కాలేదు. "ప్లాంటు వద్దన్నారు, తుఫానులో కరెంటు లేదని ఏడ్చారు. రెండూ ఎలాగండీ మావయ్యా?" అన్నాడు.

"కరెంటు వద్దని ఎవుడన్నాడు బాబూ? మా బీలలో వద్దన్నాం" అన్నాడు మావయ్య.

బావ ప్రశ్న తీసిపారేయదగింది కాదు. విశాఖలో మా ఇంటి ఏసీ తిరుగుతోందంటే పరవాడలో 2000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటులాంటివి బొగ్గు కాలుస్తున్నాయి కాబట్టే. ఆ చుట్టుపక్కల ఊళ్లని ఎవరూ అరుగు మీద కూర్చోబెట్టి అడగలేదు. నేను చదువుకున్నప్పుడు ఒక పాఠం ఉండేది. 1978లో క్రాఫ్ట్ అనే ఇంటిపేరున్న ఇద్దరు అమెరికా లెక్కలు చూసి, ఇంధనం వాడినందుకు ఆదాయం పెరగలేదు, ఆదాయం పెరిగినందుకే ఇంధన వాడకం పెరిగిందన్నారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఒక్కో దేశానికి ఒక్కో జవాబు చెప్పారు. ఇంకో పాఠంలో బోర్లించిన గిన్నెలాంటి గీత ఒకటి: ఆదాయం పెరిగేకొద్దీ కాలుష్యం మొదట పెరుగుతుంది, బాగా సంపాదించాక తగ్గుతుంది. కుజ్నెట్స్ పేరు మీద చెలామణీ అవుతుంది ఆ గీత. పరీక్షలో బాగానే గీశాను. అది గుట్ట ఎక్కి దిగడంలాంటిదని మావయ్యకి చెబితే, "దిగేటప్పటికి బీల ఉంటాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్న ఆయన మమ్మల్ని బీల గట్టు మీదకి తీసుకెళ్లాడు. మంచు ఇంకా విడలేదు. మోకాల్లోతు నీళ్లలో ఒకతను వల సర్దుకుంటున్నాడు. అమ్మ నల్లద్దాలు తీసి కొంగులో చుట్టుకుంది.

"అదుగో, ఆ చివర మూడు నత్తగుల్ల కొంగలు" అంది.

బావ కళ్లు చిట్లించి చూసి రెండే అన్నాడు. అక్కకీ రెండే కనబడ్డాయి. మూడోది జమ్ము వెనక నుంచి బయటికి రావడానికి ఇంకో నిమిషం పట్టింది.